జిప్సం వేయని నాలుగు సాళ్లు

శ్రోతలకు నమస్కారం.

అనంతపురం జిల్లాలో చెనిక్కాయ (వేరుశనగ) పండించే ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది: "ఆయప్ప ఈసారి జిప్సం వేసినాడు, కాయ గట్టిగా నిండింది." జిప్సం మంచిదే, అది మట్టికి కాల్షియం అందిస్తుంది. కాయకు కావలసిన కాల్షియంను ఊడ (పూత తర్వాత మట్టిలోకి దిగి కాయ కట్టే కాడ), కాయ నేరుగా మట్టిలోంచే తీసుకుంటాయి. అందుకే ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోలు వేయమంటారు. కానీ ఆయన చేనిలో కాయ నిండింది జిప్సం వల్లేనని ఎలా చెప్పగలం? పక్క చేనికి తప్పిన వాన ఆ చేనిమీద పడి ఉండొచ్చు. ఆయన వేసింది కదిరి లేపాక్షి రకం, పక్కాయన వేసింది కె-6 రకం అయ్యుండొచ్చు. ఒకరు వారం ముందు విత్తి ఉండొచ్చు.

అదే ఆయన తన చేనిలోనే ఒక నాలుగు సాళ్లు జిప్సం వేయకుండా వదిలి ఉంటే? అదే మట్టి, అదే విత్తనం, అదే రోజు విత్తడం, అదే వాన. అప్పుడు కనబడే తేడాకు కారణం జిప్సం అని ధైర్యంగా అనొచ్చు. నియంత్రిత ప్రయోగం అంటే ఆ నాలుగు సాళ్లే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు దీన్ని బడిలో ఎలా చేయించాలో ఈరోజు చెప్పుకుందాం.

ముందు మాటల సంగతి. పుస్తకాల్లో పరికల్పన, చరరాశి, కంట్రోల్ అని ఉంటాయి. కంట్రోల్ అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది కంట్రోల్ బియ్యం. కాబట్టి మొదటి రోజే ఆ పదాలు బోర్డు మీద రాయకండి. 'మార్చేది ఒకటి, కొలిచేది ఒకటి, మిగిలినవన్నీ సమానం' అంటే చాలు. ఏమీ మార్చకుండా పోలిక కోసం ఉంచేదాన్ని 'సాటి పళ్లెం' అనండి. పేర్లు పని అయ్యాక నేర్పితే నిలుస్తాయి.

ఇక ప్రశ్న. మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. బిందె అడుగున తెల్లగా పొర కడుతుంది. కాబట్టి 'ఉప్పు నీళ్లలో శనగలు మొలుస్తాయా?' అన్న ప్రశ్న పిల్లలకు కొత్తది కాదు. కానీ ఆ రూపంలో అది ప్రయోగానికి పనికిరాదు. ఎంత ఉప్పు? ఎన్ని రోజుల్లో? 'లీటరుకు ఇన్ని గ్రాముల ఉప్పు కలిపితే మూడు రోజుల్లో 20 గింజల్లో ఎన్ని మొలుస్తాయి?' అన్నప్పుడు పని మొదలవుతుంది. ప్రతి పిల్లవాడూ తన ఊహను ముందే తేదీ వేసి నోటుబుక్కులో రాయాలి. 'ఉప్పు మంచిది కాదు' అని రాస్తే ఒప్పుకోవద్దు, అది తప్పని తేలే దారే లేదు. 'ఉప్పు పెరిగేకొద్దీ మొలకలు తగ్గుతాయి' అన్నది సరైన ఊహ, ఎందుకంటే అది ఓడిపోగలదు.

తరగతిలో 40 మంది ఉంటే ఐదుగురి చొప్పున ఎనిమిది జట్లు. నాలుగు రకాల నీళ్లు: ఉప్పు లేనివి, లీటరుకు 5 గ్రాములవి, 10 గ్రాములవి, 20 గ్రాములవి. ఒక్కో రకానికి రెండు పళ్లేలు, మొత్తం ఎనిమిది. పళ్లేనికి 20 గింజలు. కలిపి 160 గింజలు, అంటే 50 గ్రాముల శనగలు తెస్తే ఇంకా మిగులుతాయి. వేయించినవి కాదు, పొట్టు తీసినవి కాదు, పుచ్చినవి కాదు. ఒకే సంచిలోంచి తీసి, బాగా కలిపి, చూడకుండా లెక్కపెట్టి పంచాలి. లేకపోతే పిల్లలు తమ పళ్లేనికి లావు గింజలు ఏరుకుంటారు, తప్పకుండా ఏరుకుంటారు.

ఉప్పు తూచడం దగ్గరే మొదటి చిక్కు. అంగడిలో కాటా చాలాసార్లు ఐదు గ్రాముల లోపు తేడాను చూపదు. దాని మీద 20 గ్రాములు తూస్తే ఐదు గ్రాముల తప్పు అంటే నాలుగో వంతు పోయినట్టే. 100 గ్రాములు తూచి, లీటరు సీసాతో ఐదు సీసాల నీళ్లు బకెట్లో పోసి కలపండి. అదే తప్పు ఇప్పుడు ఇరవయ్యో వంతుకు దిగుతుంది. అది 20 గ్రాముల నీళ్లు. అందులోంచి అర లీటరు తీసి అర లీటరు మంచినీళ్లు కలిపితే 10 గ్రాములవి. దాన్నీ అలాగే సగం చేస్తే 5 గ్రాములవి. ఒక్కసారే తూకం, మిగతాదంతా సగం చేయడమే. తూకంలో తప్పు ఉన్నా మూడింటి నిష్పత్తి చెడదు. మిగిలిన ఉప్పు నీళ్లను మాత్రం బడి వేపచెట్టు మొదట్లో పోయకండి.

మంచినీళ్లు అంటే ఏవి? బోరు నీళ్లు వాడితే సాటి పళ్లెంలోనూ ఉప్పు చేరినట్టే. క్యాన్ నీళ్లు తెప్పించి, అన్ని పళ్లేలకూ అవే వాడండి.

పళ్లెంలో నాలుగు మడతలు వేసిన పాత నూలు గుడ్డ, ఒకే పంచెలోంచి చింపినది. దాని మీద 25 మిల్లీలీటర్ల నీళ్లు. సిరప్ సీసా మూతకు గీతలుంటాయి, అది చాలు. గింజలు తడి గుడ్డ మీద ఉండాలి గానీ నీళ్లలో మునగకూడదు. మునిగితే గాలి అందక కుళ్లుతాయి, ఆ నేరం ఉప్పు మీద పడుతుంది. పైన ఇంకో పళ్లెం బోర్లించండి. అన్నీ ఒకే గదిలో, ఒకే బల్ల మీద, కిటికీ ఎండ తగలని చోట.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. గుడ్డ ఆరిందని రెండో రోజు మళ్లీ ఉప్పు నీళ్లే పోస్తారు. కానీ ఆవిరైపోయింది నీరు మాత్రమే, ఉప్పు గుడ్డలోనే ఉంది. మళ్లీ ఉప్పు నీళ్లు పోస్తే 10 గ్రాముల పళ్లెం నెమ్మదిగా 15 గ్రాముల పళ్లెం అవుతుంది. ఆరితే అన్ని పళ్లేలకూ సమానంగా మంచినీళ్లే పోయాలి. ఏప్రిల్ ఎండల్లో ఈ ప్రయోగం పెట్టుకోకపోవడమే మేలు. నవంబరు బాగుంటుంది, కర్నూలు నల్లరేగడుల్లో పప్పుశనగ విత్తే కాలమూ దాదాపు అదే.

మొలక అంటే ఏది? దీన్ని మొదటి రోజే తేల్చుకోకపోతే మూడో రోజు గొడవ ఖాయం. వేరు 2 మిల్లీమీటర్లు బయటికి వస్తే మొలిచినట్టు, లేకుంటే లేదు. స్కేలు పెట్టి చూడాలి. 24 గంటలకోసారి, అదే వేళకు. ఇంకొక్కటి: లెక్కపెట్టే వాళ్లకు అది ఏ పళ్లెమో తెలియకూడదు. పళ్లెం అడుగున అంకె రాసి, ఏ అంకెకు ఏ నీళ్లో టీచరు దగ్గర కాగితంలో ఉంచుకుంటే సరి. తన ఊహ గెలవాలనుకున్న పిల్లవాడి కంటికి ఒకటిన్నర మిల్లీమీటరు రెండుగా కనబడుతుంది. పెద్దలకూ కనబడుతుందనుకోండి.

మూడో రోజు అంకెలు బోర్డు మీదికి వస్తాయి. విత్తనం మంచిదైతే సాటి పళ్లేల్లో సగటున కనీసం 17 మొలవాలి. ప్రభుత్వ ధ్రువీకరణకు శనగ విత్తనం కనీసం 85 శాతం మొలకెత్తాలని నియమం, అంటే ఇరవైకి 17. సాటి పళ్లెంలోనే 11 వస్తే గింజ పాతదని అర్థం, మిగతా ఏ పళ్లెం గురించీ మాట్లాడే హక్కు మనకు లేదు. 20 గ్రాముల పళ్లెంలో దాదాపు ఏమీ కనబడదు. అక్కడ వివాదం లేదు.

ఉన్నదంతా 5 గ్రాముల దగ్గరే. మాటవరసకు సాటి పళ్లేలు రెండింటిలో 19, 16 వచ్చాయనుకోండి. 5 గ్రాముల పళ్లేల్లో 17, 15. పిల్లలు వెంటనే 'ఉప్పు వల్ల తగ్గాయి సార్' అంటారు. ఆగమనండి. ఒకే నీళ్లున్న రెండు సాటి పళ్లేల మధ్యే మూడు గింజల తేడా ఉంది కదా, అది ఏ ఉప్పు వల్ల? ఏమీ మార్చకపోయినా అంత తేడా వస్తుందంటే, అంతకు మించని తేడాను ఉప్పు ఖాతాలో ఎలా రాస్తాం? ఒక్కో రకానికి రెండు పళ్లేలు పెట్టించింది ఈ ప్రశ్న కోసమే. ఒక్కటే పెట్టి ఉంటే ఈ సందేహమే పుట్టేది కాదు. ఇప్పుడు వేర్ల పొడవు కూడా కొలిపించండి. గింజల లెక్కలో దాక్కున్న తేడా తరచుగా వేరు పొడవులో బయటపడుతుంది.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ (విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బు) పడిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా ఆరు జతలు చేశాడు. అందరికీ ఒకే తిండి పెట్టి, జతకో మందు ఇచ్చాడు. కమలా, నిమ్మపండ్లు తిన్న జత అందరికన్నా ముందు తేరుకుంది. ఈ సంగతి చెప్పి, 'ఇందులో లోపమేంది?' అని అడిగి చూడండి. పళ్లేల లెక్క చేసిన పిల్లలు 'ఇద్దరే ఉన్నారు కదా' అంటారు.

టీచర్లకు ఒక మనవి. అంకెలు పుస్తకంలో ఉన్నట్టు రాలేదని దిద్దించకండి, మార్కులు కోయకండి. 10 గ్రాముల పళ్లెంలో 5 గ్రాముల దానికంటే ఎక్కువ మొలిచాయని ఒక జట్టు రాస్తే, పళ్లేలు మారాయా, నీళ్లు తారుమారయ్యాయా, గుడ్డ ఆరిందా అని వాళ్ల చేతే వెతికించండి. ఏదీ దొరక్కపోతే అంకె అలాగే ఉండనివ్వండి.

20 గ్రాముల పళ్లెంలో మొలవని గింజలను పారేయకండి. ఉప్పు గింజను చంపిందా, లేక నీళ్లు పీల్చుకోనివ్వకుండా ఆపిందా? వాటిని మూడుసార్లు మంచినీళ్లతో కడిగి, కొత్త గుడ్డ మీద 25 మిల్లీలీటర్ల మంచినీళ్లతో పెట్టండి. పక్కనే అదే సంచిలోంచి తీసిన 20 కొత్త గింజలను అలాగే కడిగి, అలాగే పెట్టండి. మూడు రోజుల తర్వాత లెక్కపెట్టండి. నమస్కారం.