ఎడమవైపు చెయ్యి అడ్డం పెట్టండి

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారం. నాకిచ్చింది పది నిమిషాలు. పరిచయానికే మూడు అయిపోయాయి, కాబట్టి నేరుగా నా గోడు చెప్పుకుంటాను.

జర్మన్ మొదలుపెట్టిన కొత్తలో మా మాస్టారు పెద్ద నోట్‌బుక్ కొనిపించారు. ఎడమవైపు జర్మన్ మాట, కుడివైపు తెలుగు అర్థం. రోజుకు ముప్పై. రెండు నెలల్లో పుస్తకం నిండింది. తిరగేస్తుంటే అన్నీ తెలిసినవే! ఒకరోజు ఓ జర్మన్ కుటుంబంతో భోజనానికి కూర్చున్నాను. సూప్ వచ్చింది, చెంచా లేదు. ఆ మాట ఎక్కడుందో నాకు తెలుసు. పేజీ అడుగున, సిరా మరక పక్కన. మరక కళ్లకు కడుతోంది, మాట మాత్రం నోటికి రాదే! సూప్ చల్లారిపోయింది.

చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. రెండు నెలలూ నేను చేసింది మొదటిదే.

మాట దొరికాక ఇంకో దెబ్బ. చెంచా అంటే లోఫెల్, ముందు డేర్ అనాలి, పుంలింగం. ఫోర్క్ డీ గాబెల్, స్త్రీలింగం. కత్తి దాస్ మెస్సర్, నపుంసకలింగం. ఒకే కంచం చుట్టూ మూడు లింగాలు! మన 'వచ్చాడు, వచ్చింది' లెక్క ఇక్కడ పనికిరాదు. నా నోట్‌బుక్‌లో డేర్, డీ, దాస్ ఒక్కటీ లేదు. చోటు దండగ, రాయొద్దన్నారు మాస్టారు. అవన్నీ మళ్లీ నేర్చుకోవడానికి ఆర్నెల్లు! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. సరే, వదిలేద్దాం.

మరచిపోవడాన్ని కొలిచిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చెప్పాడు. అర్థం లేని అక్షరాల గుంపులు తనే బట్టీ పట్టి చూసుకున్నాడాయన. మొదటి గంటలోనే చాలా జారిపోతుంది, తర్వాత జోరు తగ్గుతుంది. 1972లో సెబాస్టియన్ లైట్నర్ చెప్పిన అట్టముక్కల పద్ధతి దీనికి చక్కని విరుగుడు. ఒక్కో అట్టముక్క మీద ఒక్కో మాట రాసి, అరలున్న పెట్టెలో మొదటి అరలో వేస్తాం. చెప్పగలిగిన మాట తర్వాతి అరలోకి వెళ్తుంది, ఇక ఆలస్యంగా చూస్తాం. తప్పితే మళ్లీ మొదటి అరలోకే. మా మాస్టారు ఈ ముక్క చెప్పి ఉంటే... మళ్లీ అక్కడికే వచ్చాను, క్షమించండి.

అట్టముక్కలు లేకపోయినా ఫర్వాలేదు. అదే నోట్‌బుక్‌లో ఎడమవైపు చెయ్యి అడ్డం పెట్టి, తెలుగు చూసి జర్మన్ పైకి చెప్పండి. తడుముకోండి, తప్పు చెప్పండి, ఆ తర్వాతే చెయ్యి తీయండి.

అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు. అయిపోయిందండీ. మూడో వరసలో రాసుకుంటున్న బాబూ, పుస్తకం మూసెయ్యి. కత్తిని ఏమంటారన్నాను?