లీటరు 140, కిలో 150: ఏ నూనె చౌక?

నమస్కారం. ఈరోజు ఏకవస్తు పద్ధతి చూద్దాం. ఒక్కదాని ధర తెలిస్తే ఎన్నింటి ధరైనా చెప్పొచ్చు, అంతే సంగతి. బళ్లో అందరం చేసిన లెక్కే, కిరాణా కొట్టుకెళ్తే మాత్రం ఎవరికీ గుర్తురాదు.

పొద్దుతిరుగుడు నూనె లీటరు ప్యాకెట్ 140 రూపాయలు, 15 కిలోల టిన్ను 2,250 అనుకుందాం. 2,250ని 15తో భాగిస్తే 150. అంటే ప్యాకెట్టే చౌకా? ఆగండి. 140 లీటరుకు, 150 కిలోకు. ఈ రెంటినీ పోల్చకూడదు. ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు చూడండి: 1 లీటరు, పక్కనే 910 గ్రాములు అని ఉంటుంది. నూనె నీళ్లకన్నా తేలిక కదా. ఇప్పుడు 140ని 0.91తో భాగించండి. కిలోకు దాదాపు 153 రూపాయల 85 పైసలు. టిన్నే చౌక!

దేన్ని దేనితో భాగించాలని టెన్షన్ పడకండి. 'కిలోకు ఎన్ని రూపాయలు' అంటున్నాం కాబట్టి రూపాయలు పైన, కిలోలు కింద. తిరగేస్తే రూపాయికి ఎంత నూనో వస్తుంది. అదీ తప్పేం కాదు, కాకపోతే అప్పుడు ఎక్కువ వచ్చిందే చౌక.

సరే, మిగిలేదెంత? కిలోకు 3.85, పదిహేను కిలోలకు దాదాపు 58 రూపాయలు. నెలకు మూడు ప్యాకెట్లు, అంటే 2.73 కిలోలు వాడే ఇంట్లో ఆ టిన్ను ఐదున్నర నెలలు వస్తుంది. మూత తీసిన నూనె అన్నాళ్లుంటే వాసన రాదూ? నేనైతే ప్యాకెట్లే కొంటాను. టిఫిన్ సెంటర్ వాళ్లకైతే టిన్నే సరి.

ఇంకొకటి. ఇప్పుడు ప్యాకెట్ల మీద యూనిట్ ధర కూడా వేస్తున్నారు, యూఎస్‌పీ (యూనిట్ సేల్ ప్రైస్) అని ఉంటుంది. కిలో లోపు ప్యాకెట్ మీద గ్రాముకు, కిలో దాటితే కిలోకు. పైసల దగ్గర రౌండ్ చేస్తారు. చిక్కంతా అక్కడే. 500 గ్రాముల సబ్బు పొడి 64 రూపాయలు అనుకోండి. దాని మీద గ్రాముకు 0.13 అని ఉంటుంది, వెయ్యితో హెచ్చిస్తే కిలో 130. రెండు కిలోల ప్యాకెట్ మీద కిలోకు 129. పెద్దదే చౌక అనిపిస్తుంది. కానీ 64ని 500తో మీరే భాగించి చూడండి: 0.128. అంటే కిలో 128. చిన్న ప్యాకెట్టే ఒక రూపాయి తక్కువ.