లైసెన్స్ ఇచ్చారు సరే, కేసులెవరిస్తారు?

అందరికీ నమస్కారమండి. అమెరికా లాయర్లలో జాతి వివక్ష, ఆడా మగా తేడా గురించి మాట్లాడమన్నారు, మధ్యలో గొంతు కాస్త పెరిగితే ఏమనుకోకండి.

మైరా బ్రాడ్వెల్ అని ఇల్లినాయ్‌లో ఒకావిడ, 1869లో లాయర్ కావడానికి రాసే బార్ పరీక్ష పాసైంది, అయినా పెళ్లైన ఆడమనిషివి నీకెందుకు అని లైసెన్స్ ఇవ్వలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1873లో అక్కడా ఓడిపోయింది. ఒక జడ్జిగారైతే భార్యగా తల్లిగా ఉండటమే ఆడదాని పని, సృష్టికర్త పెట్టిన రూలే అది అని రాసిపడేశాడు. సరే, ఇది అందరూ చెప్పేదే. నాకు మాత్రం షార్లెట్ రే సంగతే ఎక్కువ గుచ్చుకుంటుంది. నల్లజాతి మహిళ, హోవర్డ్ యూనివర్సిటీలో లా చదివి 1872లోనే వాషింగ్టన్‌లో లైసెన్స్ తెచ్చుకుంది, ఆఫీసు పెట్టింది, కేసులు సరిగా రాలేదు, చివరికి మూసేసి న్యూయార్క్ వెళ్లి టీచరమ్మ అయింది. ఎవరూ ఆపలేదు మరి, చేతిలో లైసెన్స్ ఉందిగా!

ఇప్పటికీ గొడవంతా అక్కడే. 2016 నుంచి అక్కడి లా కాలేజీల్లో ఆడపిల్లలే ఎక్కువ, కానీ పెద్ద లా ఫర్మ్‌ల్లో, అంటే లాయర్ల కంపెనీల్లో, వాటాలున్న పార్ట్‌నర్లలో ఎక్కువమంది తెల్లజాతి మగాళ్లే. నల్లజాతి వాళ్లు జనాభాలో 13 శాతం దాకా ఉంటే లాయర్లలో సుమారు 5 శాతం. ఎలా జరుగుతుందంటే, క్లయింట్‌ని తెచ్చినవాడికే క్రెడిట్, క్రెడిట్‌ని బట్టే వాటా, ఆ క్లయింటేమో మీటింగ్‌లో సీనియర్ పక్కన కూర్చున్నవాడినే గుర్తుపెట్టుకుని తర్వాత ఫోన్ చేస్తాడు. పక్కన ఎవర్ని కూర్చోబెట్టుకోవాలో సీనియర్ ఇష్టం, తన కుర్రతనం గుర్తొచ్చే కుర్రాడినే తీసుకెళ్తాడు. రాత్రంతా కూర్చుని ఆ డ్రాఫ్ట్ రాసినమ్మాయి ఆఫీసులోనే ఉంటుంది. దీంట్లో చట్టం తప్పినట్టు ఎక్కడా కనపడదు, అదే దీని సుళువు.

కాన్స్టన్స్ బేకర్ మోట్లీ అని, సుప్రీంకోర్టులో 10 కేసులు వాదించి 9 గెలిచిన లాయర్, 1966లో ఫెడరల్ జడ్జి, అంటే అమెరికా కేంద్ర కోర్టుల జడ్జి అయిన మొదటి నల్లజాతి మహిళ. 1975లో ఆవిడ ముందుకి ఒక పెద్ద లా ఫర్మ్ మీద ఆడవాళ్ల పట్ల వివక్ష కేసొచ్చింది. ఫర్మ్ వాళ్లు మీరు నల్లజాతి మహిళ కాబట్టి తప్పుకోండన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు, జాతో లింగమో కారణమంటే ఈ కోర్టులో ఏ జడ్జీ ఈ కేసు వినలేడు, అవి ప్రతివాళ్లకీ ఉన్నవేగా అన్న అర్థంలో ఆర్డర్ రాశారు. ఆ సీట్లో తెల్లజాతి మగాయనుంటే అసలు ఆ పిటిషన్ పడేదంటారా? మీరేమంటారో చెప్పండి, మైక్ అటు పంపిస్తున్నాను.