బాగా నడుస్తున్నప్పుడే పిలవాలి

అందరికీ నమస్కారం.

ఇంట్లో పెద్ద యంత్రాలకు సర్వీసింగ్ ఎప్పుడు, ఎలా చేయించుకోవాలో చెప్పమన్నారు. ఏసీ, గీజర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఈ నాలుగింటి గురించే మాట్లాడతాను.

మనం మెకానిక్‌కి ఫోన్ చేసేది యంత్రం మొరాయించాకే. ఏసీ ఎక్కువ కష్టపడేది ఎండలు ముదిరినప్పుడు కాబట్టి, పాడయ్యేదీ అప్పుడే. మెకానిక్ అందరికీ కావలసి వచ్చేదీ అప్పుడే. ఆ హడావిడిలో ఆయన ఏం చెబితే దానికి తల ఊపుతాం, ఎంత అడిగితే అంత ఇచ్చేస్తాం. అదే ఎండలు మొదలవడానికి ఓ నెల ముందు పిలిచారనుకోండి, ఆయన తీరిగ్గా పని చేస్తాడు, మనమూ నాలుగు ప్రశ్నలు అడగగలుగుతాం. గీజర్‌కైతే చలి రాకముందు. ఫ్రిజ్‌కీ వాషింగ్ మెషీన్‌కీ కాలంతో పని లేదు, గుర్తుండే నెల ఏదో ఒకటి ఎంచుకుని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటే చాలు.

అయితే పిలవడంతో పని అయిపోదు. వచ్చినాయన చేత ఏం చేయించుకోవాలో మనకు తెలియాలి. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

ఏసీ సంగతి చూడండి. ఫిల్టర్ జాలీ తీసి, కుళాయి కింద కడిగి, మళ్ళీ బిగించి డబ్బులు తీసుకుని వెళ్ళిపోతే అది సర్వీసింగ్ కాదు. ఆ జాలీ మనం కడుక్కోవలసింది. ఏసీ రోజూ వాడే రోజుల్లో రెండు వారాలకోసారి కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టేయండి. మెకానిక్ చేయాల్సిన పని లోపల ఉంది: కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల వరస) కడగడం, బ్లోయర్ చక్రానికి పట్టిన మురికి తీయడం, నీళ్ళు పోయే పైపు శుభ్రం చేయడం, బయటి యూనిట్ కాయిల్ దుమ్ము వదిలించడం. గదిలో గోడ మీదుగా నీళ్ళు కారుతున్నాయంటే చాలాసార్లు ఆ పైపు పూడుకుపోవడమే కారణం.

ఇక గ్యాస్ సంగతి. "గ్యాస్ తగ్గిందండీ, నింపాలి" అనే మాట మీరూ వినే ఉంటారు. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లాగా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. ఆ లీక్ మూయకుండా నింపితే కొత్తగా పోసిందీ పోతుంది. కాబట్టి లీక్ ఎక్కడుందో చూపించమని అడగండి. జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాస్తే బుడగలు వస్తాయి, మీ కళ్ళతో మీరే చూడొచ్చు. దాన్ని బాగుచేసి, గొట్టాల్లో గాలి, తేమ లేకుండా వాక్యూమ్ చేశాకే గ్యాస్ ఎక్కించాలి. అదీ బయటి యూనిట్ లేబుల్ మీద రాసిన రకమే, రాసినంత బరువే. ఆర్-32 అని ఉంటే ఇంకాస్త జాగ్రత్త, ఆ గ్యాస్‌కి కొద్దిగా మండే గుణం ఉంది. ఇంకో విషయం, మురికి పట్టిన కాయిల్ కూడా చల్లదనం తగ్గిస్తుంది, ఒక్కోసారి మంచు కూడా కట్టిస్తుంది. అందుకే ముందు శుభ్రం చేయించండి, గ్యాస్ మాట ఆ తర్వాత.

గీజర్ దగ్గర ఇంకాసేపు ఆగుతాను, ఎందుకంటే మనం అసలు పట్టించుకోనిది దాన్నే. నీళ్ళు నిలవ ఉండే గీజర్ ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని యానోడ్ రాడ్ అంటారు. నీళ్ళు స్టీలు ట్యాంకును తినకుండా ముందు ఈ కడ్డీని తింటాయి. అది పూర్తిగా అరిగిపోయాక ట్యాంకుకు తుప్పు మొదలవుతుంది. ట్యాంకు చిల్లు పడితే మామూలుగా గీజరే మార్చాల్సి వస్తుంది. దాంతో పోలిస్తే కడ్డీ మార్చడం చాలా చిన్న ఖర్చు. ఉప్పు నీళ్ళు వచ్చే ఇంట్లో ఏడాదికోసారి దాన్ని విప్పించి చూడండి. కొత్తది వేలు లావున నున్నగా ఉంటుంది. అరిగినది గుంతలు పడి, మధ్యలో సన్నని తీగ బయటికి కనిపిస్తుంటుంది. అప్పుడు మార్చేయాల్సిందే. ఎలాగూ విప్పారు కాబట్టి హీటింగ్ ఎలిమెంట్ మీద పేరుకున్న సున్నం కూడా తీయించండి.

గీజర్‌కి సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. నీళ్ళు కాగుతున్నప్పుడు అందులోంచి చుక్కలు పడటం సహజం. చేతులు జోడించి చెబుతున్నాను, చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా బిగించకండి. లోపల పెరిగిన ఒత్తిడికి అదొక్కటే దారి. ఆగకుండా కారుతుంటే మెకానిక్‌కి చూపించండి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా అదే రోజు చూడమనండి.

ఫ్రిజ్‌కి పెద్ద పనేమీ ఉండదు. వెనక జాలీలా కాయిల్ కనిపించే మోడల్ అయితే ప్లగ్ తీసి ఏడాదికి ఒకటి రెండుసార్లు బ్రష్‌తో దుమ్ము దులపండి. పక్క గోడలు వెచ్చగా తగిలే మోడళ్ళలో కాయిల్ ఆ గోడల్లోనే ఉంటుంది, చుట్టూ గాలి ఆడేలా జాగా వదలండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు పట్టు వదిలేసినట్టు. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉంటే చాలు.

వాషింగ్ మెషీన్‌లో నీళ్ళు వచ్చే పైపు మొదట్లో చిన్న జాలీ ఉంటుంది, ముందు తలుపు మెషీన్లకు కింద డ్రైన్ ఫిల్టర్ కూడా ఉంటుంది. రెండూ మనమే శుభ్రం చేసుకోవచ్చు. పైపు ఎక్కడైనా ఉబ్బిందా, పగుళ్ళున్నాయా చూడండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అది పగిలితే ఇల్లంతా నీళ్ళే.

ఏడాది సర్వీస్ ఒప్పందం, అంటే ఏఎంసీ తీసుకునే ముందు అందులో విడిభాగాలు కలిసి ఉన్నాయా, పని కూలి ఒక్కటేనా అని అడగండి. ఏసీకైతే గ్యాస్, పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు) దాని కిందికి వస్తాయో లేదో కాగితం మీద చూసుకోండి. కంప్రెసర్‌కి పదేళ్ళ వారంటీ అన్నంత మాత్రాన మిగతా భాగాలకూ పదేళ్ళు ఉన్నట్టు కాదు. సర్వీస్ సెంటర్ నంబరు వారంటీ కార్డు మీదో, యంత్రం మీదో ఉన్నదే వాడండి. నెట్‌లో వెతికితే దొరికే నంబర్లలో మోసగాళ్ళవీ ఉంటాయి. బుకింగ్ పేరుతో ఫోన్‌లో ఏదో యాప్ వేసుకోమన్నా, బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీ అడిగినా వెంటనే ఫోన్ పెట్టేయండి. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళలో ఈ సంగతి ముందే కూర్చోబెట్టి చెప్పాలి.

మెకానిక్ వెళ్ళేముందు యంత్రాన్ని ఓ పావుగంట నడిపించి చూడండి. ఏ భాగం మార్చారో బిల్లు మీద రాయించుకోండి, పాత భాగం ఇమ్మని అడగండి. ఆ బిల్లును, మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉండే స్టిక్కర్‌ను ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపండి. ఈసారి ఫోన్ చేయాల్సింది వాళ్ళే కావచ్చు.