ప్లే కాని ఫైల్‌ని చెరిపెయ్యకండి

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు ఫొటో, వీడియోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కెమెరా పట్టుకుని బతుకుతున్న నా తమ్ముళ్లకు, ఈ మధ్య మన వృత్తిలోకి వస్తున్న చెల్లెళ్లకు శుభాకాంక్షలు. ఇప్పుడే ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన డాగురే గారి చిత్రపటానికి దండ వేశాం. 1839 ఆగస్టు 19న పారిస్‌లో ఆయన పద్ధతిని లోకానికి వెల్లడించారు కాబట్టి ఈ రోజు మనకు పండుగ. ఆయన గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకుని కూడా వచ్చాను. కానీ పొద్దున బయల్దేరుతుంటే ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "బాబాయ్, కార్డులో ఒక వీడియో ఓపెన్ కావట్లేదు. రాత్రికి ఇంకో పెళ్లుంది. ఫార్మాట్ కొట్టెయ్యనా?" అని. ఆ మాట విన్నాక ఈ కాగితాలు చదవబుద్ధి కావడం లేదు. పెద్దలు మన్నించాలి.

2014లో కొత్తపేట దగ్గర ఒక పల్లెలో పెళ్లికి వెళ్లాను. తెల్లవారుజామున అప్పగింతలు. పెళ్లికూతురి మామ్మ, ఎనభై దాటిన మనిషి, గోడకి ఆనుకుని కూర్చుని పాట అందుకుంది. మామూలు అప్పగింతల పాట కాదు. మధ్యలో ఇంట్లోవాళ్ల పేర్లు చేర్చింది. పెరట్లో బావిని, సన్నజాజి పందిరిని కూడా చేర్చి, వాటి చేత కూడా పిల్లని అప్పగించింది. నేను వ్యూఫైండర్ తడిసిపోతుంటే తుడుచుకుంటూ తీశాను. పాట అయిపోవచ్చేసరికి ఎవరిదో చెయ్యి తగిలి ట్రైపాడ్ పడింది. బ్యాటరీ మూత తెరుచుకుని కెమెరా ఆగిపోయింది.

ఇంటికొచ్చి కార్డు పెడితే ఫైల్ ఉంది. మూడున్నర జీబీ సైజు చూపిస్తోంది. క్లిక్ చేస్తే తెరుచుకోలేదు. రెండు ప్లేయర్లలో చూశాను, అంతే. తెలిసిన కంప్యూటర్ సెంటర్‌లో చూపించాను. "కరప్ట్ అయింది, లోపల ఏమీ లేదు" అన్నారు. ఆ రాత్రే ఇంకో పెళ్లి. ఉన్నవి రెండు కార్డులు. ఫార్మాట్ చేసి, దాని మీదే ఆ పెళ్లి అంతా తీశాను.

మూడున్నర జీబీ ఉన్న ఫైల్‌లో ఏమీ లేకుండా ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న నాకు ఆ రోజు తట్టలేదు. తమ్ముళ్లూ, మీకు తట్టాలనే ఇవాళ ఇది చెబుతున్నాను.

అసలు సంగతి ఇది. మనం రికార్డు బటన్ నొక్కాక కెమెరా బొమ్మని, శబ్దాన్ని కార్డు మీద రాసుకుంటూ పోతుంది. ఏ ఫ్రేము ఎక్కడ మొదలైందో చెప్పే పట్టికను మాత్రం చాలా కెమెరాలు మనం ఆపు బటన్ నొక్కాకే పూర్తిగా రాస్తాయి. మధ్యలో కరెంటు పోతే ఆ పట్టిక ఉండదు. ఇళ్లున్నాయి, ఇళ్లలో మనుషులున్నారు, కానీ ఇంటి నంబర్లు లేవు. పోస్టుమాన్ తిరిగి వెళ్లిపోయాడు. ప్లేయర్ "ఓపెన్ కాదు" అంటే అర్థం అది. ఊరు లేదని కాదు.

ఇలాంటి ఫైళ్లను బాగుచేసే పనిముట్లు ఉన్నాయి. అన్‌ట్రంక్ అని ఒకటి ఉచితంగా దొరుకుతుంది. అదే కెమెరాతో, అదే సెట్టింగులతో తీసిన మంచి ఫైల్ ఒకటి దానికి నమూనాగా ఇస్తే, అది చూసి పట్టికను మళ్లీ కట్టడానికి ప్రయత్నిస్తుంది. ప్రతిసారీ కుదరదు. కుదిరినవి నా కళ్లతో చూశాను. ఫార్మాట్ చేసిన కార్డైనా, దాని మీద మళ్లీ ఏమీ తీయకపోతే ఆశ ఉంటుంది. ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో వెతకొచ్చు. దొరికినవాటిని అదే కార్డులో కాకుండా వేరే డిస్క్‌లో దాచాలి. నేను మాత్రం దాని మీద ఇంకో పెళ్లంతా షూట్ చేసేశాను.

సరే, ప్లే కాని ప్రతి ఫైలూ ఇలా దెబ్బతిన్నది కాదు. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం అసలు ఆరోగ్యంగా ఉన్న ఫైళ్లే. ఫైల్ పేరు చివర ఎంపీ4 అని ఉంటే అన్ని ఎంపీ4లూ ఒకటే అనుకుంటాం. అది క్యారియర్ పేరు మాత్రమే. లోపల గిన్నెలో ఏ కూర ఉందో క్యారియర్ చూస్తే తెలియదు కదా. బొమ్మని ఏ పద్ధతిలో కుదించారన్నది కోడెక్. పాత ఫైళ్లలో ఎక్కువగా హెచ్.264 ఉంటుంది, అది దాదాపు అన్నిచోట్లా ఆడుతుంది. ఐఫోన్లు 2017 నుంచి, ఐఓఎస్ 11తో, హెచ్.265 వైపు మళ్లాయి. దాన్నే హెచ్‌ఈవీసీ అంటారు. సగం జాగాలోనే దాదాపు అంతే నాణ్యత ఇస్తుంది. కానీ చాలా విండోస్ కంప్యూటర్లలో దానికి ఎక్స్‌టెన్షన్ అనే చిన్న అదనపు ప్రోగ్రాం విడిగా వేసుకోవాలి. అప్పుడు పాట వినిపిస్తుంది, తెర నల్లగా ఉంటుంది. పెళ్లివారు "వీడియో పోయింది" అని ఏడుస్తూ ఫోన్ చేస్తారు. ఏమీ పోలేదమ్మా. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వేసుకుని దానిలో చూడండి. టూల్స్‌లో కోడెక్ ఇన్‌ఫర్మేషన్ నొక్కితే గిన్నెలో ఏముందో కూడా రాసి ఉంటుంది. తెర పచ్చగా మారినా, ముక్కలు ముక్కలుగా వచ్చినా, సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపి మళ్లీ చూడండి.

వీఎల్‌సీ అన్నాను కాబట్టి ఒక్క మాట. దాన్ని పారిస్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 1996లో మొదలుపెట్టారు. 2001లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. డాగురే పద్ధతిని కూడా ఫ్రాన్సు ప్రభుత్వం కొని లోకానికి కానుకగా ప్రకటించింది. దండ వేసిన చేత్తో వీళ్లకీ ఒక నమస్కారం పెట్టాలి. ఇంత మంచి ప్లేయర్ ఉచితంగా ఉంది కాబట్టి చెబుతున్నాను, "ఈ వీడియో చూడాలంటే కోడెక్ ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకోండి" అని తెర మీద వస్తే నొక్కకండి. ఆ వేషంలో వైరస్‌లు వస్తాయి. ఆడని వీడియో ఒకదాన్ని అలా ఆడించబోయి కంప్యూటర్‌లోని వెయ్యి ఫొటోలు పోగొట్టుకున్న కస్టమర్ నాకు తెలుసు.

ఇక్కడ పెద్దవాళ్లు కూడా ఉన్నారు. మీ ఇళ్లల్లో బీరువాలో పెళ్లి వీసీడీలు ఉంటాయి. కంప్యూటర్‌లో పెడితే డీఏటీ అని ఫైల్ కనిపిస్తుంది, క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రాంతో తెరవాలి అని అడుగుతుంది. పాడైపోయిందనుకుని బయట పారేస్తున్నారు! అది ఎంపెగ్-1 వీడియోనే. వీఎల్‌సీలో చక్కగా ఆడుతుంది. గీతలు పడి చదవలేని స్థితికి రాకముందే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. దయచేసి ఈ ఆదివారమే చెయ్యండి.

కాపీ సంగతి కూడా. పెన్‌డ్రైవ్‌లో నుంచి ఆడకపోతే ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూడండి. అసలు ఫైల్ సైజు, కాపీ సైజు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే కాపీ మధ్యలో తెగిందన్నమాట, మళ్లీ తీసుకోవాలి. కస్టమర్‌కి ఇచ్చే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు. పెన్‌డ్రైవ్‌ని సేఫ్‌గా రిమూవ్ చెయ్యకుండా లాగేసే అలవాటు మనందరికీ ఉంది, అలా లాగినా కాపీ పూర్తికాకపోవచ్చు. సైజు సున్నా చూపిస్తే మాత్రం ఆ కాపీలో ఏమీ లేదు. ఒరిజినల్ కోసం కార్డు దగ్గరికి వెళ్లాలి. అందుకే డెలివరీ అయ్యేదాకా కార్డు ఖాళీ చెయ్యొద్దని నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను.

ఆ మామ్మ ఆరు నెలలకి కాలం చేసింది. సంవత్సరీకాలకి ఆ అమ్మాయి చంటిబిడ్డని ఎత్తుకుని మా స్టూడియోకి వచ్చింది. "అన్నయ్యా, మామ్మ పాట ఉందా? వీడికి వినిపించాలి" అంది. లేదమ్మా అన్నాను. ఎందుకు లేదో చెప్పడానికి నోరు రాలేదు. "పోనీలే అన్నయ్యా" అని వెళ్లిపోయింది. ఆల్బమ్‌లో మామ్మ నోరు తెరిచి పాడుతున్న ఫొటో ఒకటి ఉంది. అది మాత్రం పెద్దది చేసి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు.

పొద్దున ఫోన్ చేసిన కుర్రాడు ఈ హాల్లోనే ఉన్నాడు. వాడికి రాత్రి పెళ్లికి నా కార్డు ఒకటి ఇచ్చాను. ఆ చెడిన కార్డు పక్కనుండే చిన్న మీటని లాక్ వైపుకి జరిపి జేబులో పెట్టుకో అన్నాను. నా ల్యాప్‌టాప్, రెండు టీబీ డిస్క్ తెచ్చాను. భోజనాలయ్యాక ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాను. ఆడని ఫైల్ ఎవరి దగ్గరున్నా పట్టుకురండి. ముందు కాపీ తీద్దాం, తర్వాత చూద్దాం.