ముందే పట్టుకున్న చెయ్యి

శ్రోతలకు నమస్కారం.

బొటనవేలు పైకెత్తి చూపిస్తే మనకు ‘భేష్’ అని అర్థం. నీళ్ల అడుగున అదే సైగ చేస్తే ‘పైకి పోదాం పద’ అని. బాగానే ఉన్నానని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. విశాఖలో స్కూబా, అంటే వీపున గాలి ట్యాంకు కట్టుకుని నీళ్ల అడుగున ఈదడం, నేర్చుకుంటున్నప్పుడు మొదటిరోజే ఇది నాకు నూరిపోశారు. మూడోరోజు సముద్రంలో ఆరు మీటర్ల లోతున, ఇసుకలో మోకాళ్లమీద కూర్చుని, ఆ రెండు సైగలూ శుభ్రంగా మర్చిపోయాను.

చేయాల్సింది చిన్న పనే. కళ్లనూ ముక్కునూ కప్పే మాస్కులోకి కాసిని నీళ్లు రానిచ్చి, తల పైకెత్తి, ముక్కుతో గట్టిగా గాలి వదలాలి. నీళ్లు కిందినుంచి బయటికి పోతాయి. ఈత కొలనులో పదిసార్లు చేశాను. ఆ రోజు మాత్రం ఉప్పునీళ్లు ముక్కులోకి ఎక్కి పొలమారింది. బుర్రలో ఒకటే మాట: పైకి! ఇసుకను తన్ని లేవబోయాను. లేవలేకపోయాను. మా ఇన్‌స్ట్రక్టర్ నా జాకెట్ భుజం పట్టీ పట్టుకుని ఉన్నాడు. నేను గింజుకోవడం చూసి పట్టుకున్నది కాదు, పని మొదలుపెట్టమని సైగ చేయకముందే పట్టుకున్నాడు. రెండో చేత్తో నా నోట్లోని రెగ్యులేటర్, అదే ట్యాంకు గాలిని నోటికి అందించేది, ఊడకుండా అదిమాడు. తర్వాత రెండు వేళ్లు తన కళ్లవైపు చూపించాడు, నన్నే చూడు అన్నట్టు. దగ్గుతూనే ఊపిరి తీసుకున్నాను. గాలి వచ్చింది. రెగ్యులేటర్‌లోకి దగ్గినా ఏమీ కాదని పాఠంలో చెప్పారు గానీ, నమ్మకం కుదిరింది మాత్రం అప్పుడే.

ఉక్కిరిబిక్కిరి అవుతున్న మనిషిని పైకి పంపకుండా కిందే పట్టి ఉంచడమేమిటి, ఇదేం రక్షణ అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కారణం గాలి లెక్కలో ఉంది. సముద్రంలో ప్రతి పది మీటర్లకూ మరో వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. అంటే పది మీటర్ల లోతున మనమీద ఉండే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ట్యాంకు నుంచి ఐదు లీటర్ల గాలి పీల్చి, నోరు బిగించి పైకి దూసుకొస్తే, ఆ ఐదు పైకి వచ్చేసరికి పది కావాలని చూస్తుంది. ఊపిరితిత్తుల్లో అంత చోటు లేదు. బాయిల్ సూత్రమని బడిలో బట్టీ పట్టినది ఇదే. నిండా గాలి పీల్చి బిగబడితే మీటరున్నర లోతు కూడా ప్రమాదమే, అంటే ఈత కొలను కూడా. చిరిగిన ఊపిరితిత్తుల్లోంచి బుడగలు రక్తంలోకి దూరి మెదడుకు చేరితే, పైకి వచ్చిన కొద్ది నిమిషాల్లోనే మనిషి స్పృహ తప్పుతాడు, లేదా పక్షవాతం వచ్చినట్టు ఒక పక్క పడిపోతుంది.

అందుకే గాలి అయిపోతే పైకి ఈదుతూ వచ్చే అభ్యాసంలో దారి పొడవునా ‘ఆ...’ అని రాగం తీయిస్తారు. వినడానికి నవ్వొస్తుంది. కానీ రాగం తీసేవాడు ఊపిరి బిగబట్టలేడు కదా!

అంతా చేసినా దెబ్బ తగిలితే తర్వాతి పని ఒడ్డునే. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, లేచి కూర్చుంటానన్నా వద్దని, స్వచ్ఛమైన ఆక్సిజన్ పెట్టాలి. అక్కణ్ణుంచి ప్రెషర్ చాంబర్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ మళ్లీ పద్దెనిమిది మీటర్ల లోతులో ఉండేంత ఒత్తిడి పెట్టి, బుడగలను చిన్నవి చేసి, గంటల తరబడి మెల్లగా తగ్గిస్తారు. పడవ ఎక్కేముందు ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడుందో, దగ్గర్లో చాంబర్ ఎక్కడుందో అడగండి. విసుక్కునేవాళ్ల దగ్గర నేర్చుకోకండి.

నీటి పైన గింజుకునేవాడి సంగతి వేరు. అతని ఎదుటికి వెళ్తే మనల్నే నిచ్చెన చేసుకుని ఎక్కుతాడు. అందుకే ఇన్‌స్ట్రక్టర్ వెనకనుంచి వచ్చి ట్యాంకు మెడ పట్టుకుంటాడు, అతను తేలేలా జాకెట్‌లో గాలి నింపుతాడు, మునగడానికని నడుముకు కట్టుకున్న సీసం బరువులు విప్పి వదిలేస్తాడు.

ఈ బరువుల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 2020 నవంబరులో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, మెక్‌డొనాల్డ్ సరస్సులో, శిక్షణలో ఉన్న ఒక విద్యార్థిని చనిపోయింది. చలినీళ్ల కోసం వేసుకునే డ్రై సూట్‌లో గాలి ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ ఆ గాలి కుంచించుకుపోయి సూటు ఒంటిని పిండేస్తుంది. అలా కాకుండా ట్యాంకు నుంచి ఒక గొట్టంతో గాలి ఎక్కించుకుంటూ ఉండాలి. ఆమె సూటుకు ఆ గొట్టం తగిలించనే లేదు. పైగా దాదాపు ఇరవై కిలోల సీసం పెట్టుకుంది, అదీ ఇట్టే వదిలించుకునే వీలులేని జేబుల్లో. పొద్దు వాలే వేళ. తోటి విద్యార్థి ఒకరు పట్టుకుని పైకి తేవాలని చూశారు గానీ, ఆ బరువు ముందు బలం చాలలేదు.

ఇందులో నీళ్ల అడుగున చేయగలిగింది ఎంత చెప్పండి? గొట్టం లేదన్న సంగతి ఒడ్డున కనిపించే సంగతే. బరువు జేబులు ఒడ్డున తడిమి చూసేవే. నీళ్లలో దిగకముందు జాకెట్, బరువులు, బకిల్స్, గాలి ఒకరివి ఒకరు చూసుకునే పద్ధతి ప్రతి శిక్షణలోనూ ఉంది. విసుగ్గా ఉంటుందని అది మొక్కుబడిగా కానిచ్చేవాళ్లను నేను చూశాను, నేనూ కానిచ్చాను.

ఇంకో లెక్క. స్కూబా శిక్షణ ఇచ్చే పాడీ అనే సంస్థ, పాడిపశువులతో సంబంధం లేదులెండి, 1966లో అమెరికాలో పుట్టింది. సముద్రపు పాఠంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎనిమిది మంది విద్యార్థులకు మించకూడదన్నది దాని నియమం. ఎనిమిది అన్నది గరిష్ఠం. మా తూర్పు తీరంలో నీళ్లు మట్టిరంగు తిరిగిన రోజున ఎనిమిది మందిని ఎవరు చూడగలరు? ఆ రోజు మావాడు ఇద్దరినే దింపాడు. మిగతావాళ్లు పడవలో ఎండకు గొణుక్కుంటూ కూర్చున్నారు.

నా దగ్గు తగ్గేదాకా పట్టీ వదల్లేదు. తగ్గాక వేళ్లతో సున్నా చుట్టి, ప్రశ్నలాగా తల ఎగరేశాడు. నేనూ సున్నా చుట్టాను, అబద్ధమే. నమ్మలేదతను. వెంటనే మళ్లీ చేయమనలేదు. పది ఊపిర్లు వేళ్లమీద లెక్కపెట్టించి, అప్పుడు తన మాస్కు వేలితో తట్టి చూపించాడు. చెయ్యి మాత్రం నా పట్టీ మీదే ఉంది.