నీళ్లు బయటికి పోయే దారి ఏది?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పండగకని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు సంక్రాంతి శుభాకాంక్షలు. ఎవరి పేరైనా మర్చిపోతే మన్నించాలి.

ఈ కర్ణాటక గడ్డ మీద, సింధనూరు చుట్టుపక్కల మన క్యాంపులు, అంటే వలస వచ్చిన మన రైతుల ఊళ్లు, ఎలా వెలిశాయో, తొలితరం ఎంత కష్టపడిందో చెప్పమని కమిటీవాళ్లు అడిగారు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. ఎడమ కాలువ కింద భూములు చవగ్గా దొరుకుతున్నాయని గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మనవాళ్లు వచ్చారు. తుమ్మలు కొట్టారు, నల్లరేగడిని చదును చేశారు, మడులు కట్టారు. ఆ కథ నాకన్నా బాగా చెప్పేవాళ్లు మీ ఇళ్లలోనే ఉన్నారు. ఆ మడుల కింద ఇప్పుడు ఏం జరుగుతోందో నేను చెప్పాలి.

ఈ కాలువను తవ్వినప్పుడు ఆయకట్టులో ఎక్కువ భాగం జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలకే అనుకున్నారు. వరికి ఇచ్చింది కొంచెమే. కానీ కాలువ పైభాగంలో ఎటు చూసినా వరే అయింది. నీళ్లుంటే రెండు పంటలు. రేగడి నీటిని తాగుతుంది, తొందరగా వదలదు. ఏటేటా అడుగున నీటిమట్టం పెరిగింది. అది రెండు మీటర్ల లోపుకి వచ్చిందంటే, వత్తి నూనెను లాగినట్టు మట్టి ఆ నీటిని పైకి లాగుతుంది. నీరు ఎండకు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. కోతలయ్యాక చేలో తెల్లగా పూసేది అదే.

"ఏం చేస్తాం బాబాయ్, చేను ఊటెక్కి జౌకు పట్టింది, వరి తప్ప ఇంకేదీ రాదు" అంటారు నాతో. నిజమే, ఆ తడిలో పత్తి వేరు కుళ్లిపోతుంది. కానీ వరి వేస్తే మళ్లీ నీళ్లు నిలబెట్టాలి, ఊట ఇంకా పెరుగుతుంది. ఆఖరికి ఆ వరి కూడా ఆకుల కొసలు మాడి చస్తుంది. అటు కాలువ చివర మాన్వి, రాయచూరు రైతులు నీళ్లందక రోడ్డెక్కుతున్నారు. వాళ్లకు చేరాల్సిన నీళ్లే ఇక్కడ మన చేలను చంపుతున్నాయి.

2024 ఆగస్టులో ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మనలో ఎవరైనా నిద్రపోయారా? గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి బృందం ఆ ప్రవాహంలోనే స్టాప్‌లాగ్, అంటే గేటు బదులు అడ్డుపెట్టే ఉక్కు పలకలు, దించాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. నీళ్లు పోతుంటే అంత టెన్షన్ పడ్డామే, నీళ్లు పోక చేను చచ్చిపోతుంటే ఎందుకు పడం? చెప్పండి!

జిప్సం చల్లితే చాలనుకుంటున్నారు. జిప్సం కారుచౌడుకు, అంటే సోడియం పట్టిన క్షార నేలకు, పనిచేస్తుంది. మన చేలో తెల్లగా ఉప్పు పూసే పాలచౌడుకు ఆ ఉప్పును కడిగి బయటికి పంపాల్సిందే. గంగావతి వ్యవసాయ పరిశోధన కేంద్రంవాళ్లు చూపించిన పద్ధతి ఉంది: మీటరు లోతున చిల్లుల పైపులు పరచి, ఊటను వాగులోకి వదలడం. సరే, పైపులు వేశాం అనుకోండి. వాగేదీ? క్యాంపు వెనక వాగును రెండువైపులా దున్ని మడుల్లో కలిపేసుకున్నారు. మిగిలిన పాయ నిండా జమ్ము, తూటికాడ. అర్జీ పట్టుకుని ఆఫీసుకి వెళితే "ఆక్రమించింది మీవాళ్లే కదా" అన్నారు. నేనేం జవాబు చెప్పాలి?

టైం అయిందని చీటీ పంపారు. ఒక్క నిమిషం. వేసవిలో కాలువకు నీళ్లు కట్టేస్తారు. ఆలోపు సర్వే చేయించి వాగుకు హద్దురాళ్లు వేయించాలి, కట్టేసిన రోజుల్లో పూడిక తీయించాలి. ఎవరు ఎంత వదులుతారో ఈరోజే తేలాలి. ముగ్గుల బహుమతులు అయ్యాక నేను ఇక్కడే కూర్చుంటాను, పుస్తకం తెచ్చాను. వాగు పక్కన మడి ఉన్న ప్రతివాళ్లూ వచ్చి రాయించండి. వేదిక మీద ఉన్నవాళ్లతో మొదలుపెడదాం.